నల్లని తెర వెనుక నలువది ఏండ్ల చరిత్ర

క్రొత్తగా లినక్సు ఎక్కించిన కంప్యూటరును మొదటిసారి నడపగనే తెర నల్లగా నిలిచిపోవుట ఈనాటికిని అప్పుడప్పుడు జరుగుచున్నది. లోపల పంకా తిరుగుచుండును. డిస్కు దీపము మినుకుమినుకుమనుచుండును. కీబోర్డు దీపములు నొక్కినప్పుడెల్ల వెలిగి ఆరుచుండును. యంత్రము ప్రాణముతో నున్నదనుటకు గుర్తులన్నియు కలవు. తెర మీద మాత్రము ఏమియు కానరాదు. మరికొన్ని యంత్రములలో బొమ్మ వచ్చును గాని అక్షరములు మోటుగా, లావుగా ఉండును. లేదా తెర వెలుగుచు ఆరుచు ఉండును.

దీనిని చూచిన క్రొత్తవాడు లినక్సు పనికిరానిదనియో, కంప్యూటరే పాడైపోయినదనియో తలచును. చాలమంది ఇచ్చటనే విసిగి దానిని విడిచిపెట్టుదురు. సాధారణముగా ఈ రెండు ఊహలును తప్పే. జరిగినదెల్ల, యంత్రమునకును తెరకును నడుమ జరుగవలసిన ఒక సంభాషణ మధ్యలో తెగిపోవుట. ఆ సంభాషణను ఎవరు నడుపవలెను? ఏ భాషలో నడుపవలెను? ఆ భాష ఎవరికి తెలియును? ఈ మూడు ప్రశ్నలకు 1984 నుండి నేటివరకు జవాబులు మారుచు వచ్చినవి. నేడు మనము ఈ దోషమును సరిచేయుటకు వాడు ఉపాయములలో పెక్కు ఆ చరిత్రలోని ఏదో యొక ఘట్టమునుండి మిగిలినవే. చరిత్ర ఎరుగనివానికి అవి మంత్రములవలె తోచును. ఎరిగినవానికి కారణము తెలిసిన పనులుగా కనబడును.

తెర మీదికి బొమ్మ ఎట్లు వచ్చును?

ముందుగా ఈ సంభాషణ దేనిని గూర్చినదో తెలిసికొనవలెను. తెర మీది బొమ్మ వేలకొలది చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపు అంకెలు గ్రాఫిక్స్ కార్డు మెమొరీలో ఉండును. కార్డు ఆ అంకెలను వరుసగా చదువుచు, ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి, తెరకు పంపుచుండును. వరుసకు 1024 చుక్కల చొప్పున 768 వరుసలున్న తెరలో మొత్తము 7,86,432 చుక్కలు కలవు. సాధారణముగా ఈ పని అంతయు సెకనునకు 60 మారులు జరుగును.

పాత మానిటర్లలో ఎలక్ట్రాను కిరణము గాజుతెరను తాకి వెలుగు పుట్టించెడిది. ఒక వరుస ముగిసిన తరువాత కిరణము మరల ఎడమ అంచునకు పోవలెను. అన్ని వరుసలు ముగిసిన తరువాత మరల పైకి పోవలెను. ఈ తిరుగు ప్రయాణములకు కొంత వ్యవధి కావలెను. అందుచేత పైన చెప్పిన తెరకు వాడుకలోనున్న కొలతలలో వరుసకు 1024 చుక్కల కాలము గాక 1344 చుక్కల కాలమును, 768 వరుసలు గాక 806 వరుసల కాలమును కేటాయింతురు. 1344ను 806తోను, దానిని 60తోను గుణించినచో ఇంచుమించు 6 కోట్ల 50 లక్షలు వచ్చును. అనగా కార్డు సెకనునకు 6.5 కోట్ల చుక్కల వేగముతో నడువవలెను. నేటి పలుచని తెరలలో కిరణము లేదు. అయినను ఈ లెక్కల పద్ధతి మాత్రము నిలిచియున్నది.

కార్డు ఈ వేగమున నడువవలెనన్నచో దానిలోని కొన్ని గదులలో సరియైన అంకెలను వ్రాయవలెను. ఈ గదులను రిజిస్టర్లందురు. ఏ గదిలో ఏ అంకె వ్రాయవలెనో కార్డు చేసినవారికి తెలియును. ఆ పని చేయు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. మన కథయంతయు ఈ అంకెలను గూర్చినదే.

ఎక్స్ పుట్టుక

1984లో అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారలు ఒక గవాక్ష వ్యవస్థను, అనగా తెర మీద కిటికీలను గీయు వ్యవస్థను, నిర్మించిరి. అంతకుముందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పుట్టిన ఇట్టి వ్యవస్థకు ఇంగ్లీషు అక్షరమాలలోని ‘డబ్ల్యు’ పేరు ఉండెను. దాని తరువాతి అక్షరమైన ‘ఎక్స్’ క్రొత్తదానికి పేరాయెను. 1987 సెప్టెంబరులో వచ్చిన 11వ రూపము నేటికిని వాడుకలోనున్నది.

దీని నిర్మాణములో ఒక విశేషము కలదు. తెర, కీబోర్డు, మౌసు అను మూడింటి బాధ్యతయు ఒక్క ప్రోగ్రామునకు అప్పగింపబడెను. దానికి ఎక్స్ సర్వరని పేరు. తక్కిన ప్రోగ్రాములన్నియు “ఇచ్చట ఒక గీత గీయుము, ఇచ్చట ఈ అక్షరము పెట్టుము” అని దానిని కోరవలసినవే. కావున ఏ కార్డుతో ఎట్లు మాటలాడవలెనో ఎక్స్ సర్వరుకు తెలిసిన చాలును.

ఆ కాలపు వర్క్‌స్టేషన్లలో ఈ ఏర్పాటు బాగుగనే సాగెను. యంత్రము, కార్డు, తెర, ప్రోగ్రాములు ఒకే సంస్థ సమకూర్చుచుండుటచే ఏ అంకె ఎచ్చట వ్రాయవలెనో ఆ సంస్థకు ముందే తెలియును. చిక్కు వ్యక్తిగత కంప్యూటరుతో వచ్చినది. దానిలో కార్డు ఒకరిది, మానిటరు మరియొకరిది, పలక వేరొకరిది. సంతలో ఒక్కొక్క సామాను ఒక్కొక్క అంగడిలో కొని వండినట్లే.

1991లో థామస్ రోయెల్ వ్యక్తిగత కంప్యూటరుకు తగిన ఎక్స్ సర్వరును వ్రాసెను. ఆ సంవత్సరమే ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్సు కెర్నెలును వెలువరించెను. కెర్నెలనగా యంత్రమును నేరుగా ఏలు మూల ప్రోగ్రాము. 1992లో ఒరెస్ట్ జ్బోరోవ్‌స్కీ ఎక్స్‌ను లినక్సు మీద నడిపించెను. రోయెల్ సర్వరును మెరుగుపరచుటకు అదే యేట నలుగురు ప్రోగ్రామర్లు కలిసి ప్రారంభించిన పనికి ‘ఎక్స్‌ఫ్రీ86’ అను పేరు వచ్చెను. అంతకుముందు పేరు ‘ఎక్స్386’. దానిలోని ‘త్రీ’ శబ్దమును ‘ఫ్రీ’గా మార్చిన చమత్కారమే ఈ పేరు. తరువాత పండ్రెండేండ్లు లినక్సు తెర భారమును ఎక్కువగా ఇదే మోసెను.

చేతితో లెక్కలు కట్టిన కాలము

ఆ దినములలో లినక్సు ఎక్కించుకొనువాడు తన మానిటరు పుస్తకమును ప్రక్కన పెట్టుకొని కూర్చుండవలసి వచ్చెడిది. అడ్డువరుసల పౌనఃపున్యము ఎంతనుండి ఎంతవరకు తాళగలదు? నిలువు పౌనఃపున్యమెంత? కార్డులోని గడియారపు వేగమెంత? ఈ అంకెలనన్నింటిని ఒక ఫైలులో వ్రాయవలెను. పైన మనము చూచిన 65, 1024, 1344, 768, 806 వంటి అంకెలు గల ఒక్కొక్క పంక్తికి మోడ్‌లైనని పేరు. ఒక్క అంకె తప్పినను బొమ్మ వంకరపోవును, దొర్లును, లేక అసలే రాదు.

ఇందులో అపాయమును లేకపోలేదు. ఒకే పౌనఃపున్యమునకు తయారైన కొన్ని పాత మానిటర్లకు మితిమీరిన పౌనఃపున్యము పంపినచో లోపలి విద్యుత్ భాగములు కాలిపోవచ్చును. అందుచేత ఆనాటి సూచన పుస్తకములు ఈ విషయమున గట్టి హెచ్చరికలు చేసెడివి. నేటి తెరలు తమకు సరిపడని సంకేతము వచ్చినచో “పరిధి దాటినది” అని ఒక మాట చూపి ఊరకుండును.

మరియొక చిక్కు ఇంతకంటె లోతైనది. ఎక్స్ సర్వరు కెర్నెలును అడుగకయే సర్వాధికారముతో నేరుగా కార్డు రిజిస్టర్లలో వ్రాయుచుండెను. కార్డు ఏ స్థితిలో నున్నదో కెర్నెలుకు తెలియదు. ఎక్స్ నడుమ కూలిపోయినచో కార్డు ఆ సగము స్థితిలోనే ఉండిపోవును. అక్షరముల తెరకు మరలివచ్చు దారి లేదు. లోపల కెర్నెలు చక్కగా పని చేయుచున్నను, యజమాని చూచునది చీకటియే.

మానిటరు తన్ను తాను చెప్పుకొనుట

1994లో తెరల ప్రమాణములను నిర్ణయించు వీసా అను సంఘము ఒక మంచి ఏర్పాటు చేసెను. మానిటరు లోపల ఒక చిన్న మెమొరీ ముక్కలో 128 బైట్ల సమాచారముండును. తయారుచేసినవారి గుర్తు, తెర కొలతలు, అది తాళగల పౌనఃపున్యములు ఇందులో ఉండును. కార్డు తీగ గుండా దీనిని అడిగి చదువుకొనును. చదివినది సరియైనదో కాదో తెలియుటకు 128 బైట్లను కూడినచో మొత్తము 256చే నిశ్శేషముగా భాగింపబడునట్లు చివరి బైటును అమర్చిరి. దీనిని ఈడిఐడి అందురు.

అంతవరకు మానవుడు పుస్తకము చూచి వ్రాసిన అంకెలను ఇకమీదట తెరయే చెప్పసాగెను. 2000 మార్చిలో వచ్చిన ఎక్స్‌ఫ్రీ86 నాల్గవ రూపములో డ్రైవర్లు విడివిడి భాగములైనవి. తరువాతి కొన్నియేండ్లలో ఆ పెద్ద ఫైలు అవసరమే క్రమముగా తొలగిపోయెను.

అయినను ఈ ఏర్పాటు తీగ మీద ఆధారపడియున్నది. తీగ చెడినను, నడుమ పెట్టిన మార్పిడి బిళ్ళ నాసిదైనను, ఆ 128 బైట్లు చేరవు. అప్పుడు కంప్యూటరు తెర సంగతి తెలియక, అన్ని తెరలును తాళగల చిన్న కొలతను ఎన్నుకొనును. మోటు అక్షరముల తెరకు ఇది యొక సామాన్య కారణము. తీగ మార్చిన తీరు దోషమునకు డ్రైవరును నిందించి ప్రయోజనము లేదు.

కార్డు రహస్యములు

మానిటరు నోరు విప్పినను కార్డు విప్పలేదు. కార్డు రిజిస్టర్ల వివరములను పెక్కు సంస్థలు వ్యాపార రహస్యములుగా దాచిపెట్టెను. ఇంటెల్ సంస్థ తన సొంత ఉద్యోగులచేతనే బహిరంగముగా డ్రైవర్లు వ్రాయించెను. ఏఎమ్‌డి సంస్థ 2006లో ఏటిఐని కొని, 2007 సెప్టెంబరునుండి కార్డుల వివరములను ప్రచురింపనారంభించెను. ఎన్విడియా మాత్రము తన కార్డులకు మూసిన డ్రైవరునే ఇచ్చుచు వచ్చెను. దాని లోపల ఏమున్నదో ఇతరులు చదువరాదు, దిద్దరాదు.

రహస్యము చెప్పనివారి కార్డును ఎట్లు నడుపుట? 2005 ప్రాంతమున కొందరు ప్రోగ్రామర్లు నువో అను పని మొదలుపెట్టిరి. ఫ్రెంచిలో ఆ మాటకు ‘క్రొత్త’ అని అర్థము. వారు మూసిన డ్రైవరును నడిపించి, అది ఏ రిజిస్టరులో ఏ అంకె వ్రాయుచున్నదో కనిపెట్టి, దానినుండి కార్డు భాషను ఊహించిరి. ఇట్లు కనిపెట్టుటకు తోడ్పడు సాధనము 2008లో కెర్నెలులోనే చేరెను. తెలియని లిపిలోని శాసనమును పలుమారులు పోల్చి చదువు పరిశోధకుల పని వంటిదే ఇది. ఫలితముగా 2010 ఫిబ్రవరిలో వెలువడిన కెర్నెలులో నువో చోటు సంపాదించెను.

అదే క్రొత్త చిక్కునకు మూలమాయెను. ఒక కార్డును ఇద్దరు సారథులు ఏకకాలమున తోలలేరు. యజమాని మూసిన డ్రైవరును తెచ్చి పెట్టినప్పుడు నువో ముందే కార్డును పట్టుకొనియున్నచో రెండవదానికి చోటు లేదు, తెర నల్లబడును. మూసిన డ్రైవరును ఎక్కించునప్పుడు నువోను నిషేధపు పట్టికలో చేర్చుట ఇందువలననే వచ్చినది. ఇక కెర్నెలు క్రొత్తదైనప్పుడెల్ల బయటి డ్రైవరును దానికి సరిపడునట్లు మరల కూర్పవలెను. ఈ పనిని తనంతట జరిపించు ఏర్పాటును 2003లో డెల్ సంస్థ ఇంజనీర్లు చేసిరి. ఆ కూర్పు విఫలమైనచో, నిన్నటివరకు పని చేసిన తెర నేటి ఉదయము నల్లగా ఉండును.

అధికారము కెర్నెలు చేతికి వచ్చుట

ఈలోగా ఎక్స్‌ఫ్రీ86లో కలహములు పుట్టెను. 2004 ఫిబ్రవరిలో దాని అనుమతి పత్రములో చేసిన మార్పును పెక్కు లినక్సు పంపిణీలు అంగీకరింపలేదు. అదే సంవత్సరము ఏర్పడిన ఎక్స్ డాట్ ఆర్గ్ సంస్థ పాత పనిని వేరు త్రోవను కొనసాగించెను. కొలది కాలములో అందరును ఆ త్రోవనే పట్టిరి.

అసలైన మార్పు 2009 మార్చిలో వచ్చినది. 2.6.29 సంఖ్య గల కెర్నెలులో ఇంటెల్ కార్డులకు తెర కొలతలను నిర్ణయించు పనిని ఎక్స్‌నుండి తప్పించి కెర్నెలుకే అప్పగించిరి. ఏఎమ్‌డి, ఎన్విడియా కార్డుల బహిరంగ డ్రైవర్లును త్వరలోనే ఈ మార్గమున నడిచినవి. కార్డు ఏ స్థితిలో నున్నదో ఇప్పుడు కెర్నెలుకు తెలియును. ఎక్స్ కూలినను కెర్నెలు అక్షరముల తెరను మరల నిలుపగలదు. నేడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను కలిపి నొక్కి అక్షరముల తెరకు పోవుట సులభముగా సాగుచున్నదన్నచో, అది ఈ మార్పు ఫలమే.

మేలుతోపాటు ఒక ఇబ్బందియు వచ్చెను. కెర్నెలు కార్డును తప్పుగా అర్థము చేసికొన్నచో ఇప్పుడు ఆరంభములోనే, ఎక్స్ మొదలు కాకముందే, చీకటి క్రమ్మును. అందుచేత “నీవు కొలతలను మార్పకుము, యంత్రము లేచినప్పుడు ఉన్న తెరనే ఉంచుము” అని కెర్నెలుకు చెప్పు మాటను ఏర్పరచిరి. అదియే నోమోడ్‌సెట్. క్రొత్తవారికి అందరును మొదట చెప్పు ఈ మాట ఒక ఊతకఱ్ఱ మాత్రమే. దానితో బొమ్మ వచ్చును గాని కార్డు శక్తి అక్కరకు రాదు. సినిమా తడబడుచు నడచును, వేరొక తెరను చేర్చుట కుదరదు. దారి కనబడినంతనే దానిని విడువవలెను.

ఇటీవలి ఘట్టములు

2010లో ఎన్విడియా ఒకే ల్యాప్‌టాపులో రెండు చిత్రయంత్రములు గల పద్ధతిని తెచ్చెను. తేలిక పనికి ఇంటెల్‌ది, బరువు పనికి తనది. ఏది తెరకు కలిసియున్నదో లినక్సుకు తెలియక చాలకాలము తికమకలు కలిగెను. 2012లో విండోస్ 8తో కూడ సురక్షిత ఆరంభమను కట్టుబాటు వ్యాపించెను; దాని క్రింద ఆమోదముద్ర లేని డ్రైవరును కెర్నెలు స్వీకరింపదు. ఆ యేడు జూనులో ఫిన్లాండులోని ఒక సభలో టోర్వాల్డ్స్ ఎన్విడియాను బహిరంగముగా, మిక్కిలి కటువుగా నిందించెను. 2014నుండి ఆ సంస్థ క్రొత్త కార్డులు తమ సంస్థ ముద్ర గల లోపలి ప్రోగ్రామునే అంగీకరింపసాగుటచే, నువో వాటిని పూర్తి వేగమున నడుపలేకపోయెను.

గాలి మెల్లగా మారినది. 2022 మే నెలలో ఎన్విడియా తన డ్రైవరులోని కెర్నెలు భాగమును క్రొత్త కార్డులకు బహిరంగపరచెను. కార్డుల లోపల నడుచు చిన్న ప్రోగ్రాములకు ఫర్మువేరని పేరు. స్వేచ్ఛా సూత్రమును బట్టి డెబియన్ సంఘము వీటిని ప్రధాన పంపిణీనుండి వేరుగా ఉంచెడిది. తత్ఫలితముగా ఎందరికో మొదటి దినముననే తెర సరిగా రాకుండెడిది. 2022లో సభ్యులు ఓటు వేసి నియమమును మార్చిరి; 2023 జూనులో వచ్చిన 12వ రూపమునుండి అవి స్థాపన డిస్కులోనే లభించుచున్నవి. మన దేశములో సి-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్సుకును డెబియనే మూలము గనుక ఈ చరిత్రలో దానికిని భాగము కలదు.

మరియొక ప్రక్క 2008లో క్రిస్టియన్ హొగ్స్‌బర్గ్ వేలాండ్ అను క్రొత్త వ్యవస్థను ఆరంభించెను. కొలతలు కెర్నెలు చేతికి పోయిన తరువాత ఎక్స్‌కు మిగిలిన పని చాల స్వల్పమనియు, నడిమి మధ్యవర్తి అక్కరలేదనియు దీని వాదము. 2016లో ఫెడోరా దీనిని ముఖ్యముగా స్వీకరించెను. ఉబుంటు 2017 అక్టోబరులో స్వీకరించి, 2018 ఏప్రిలులో ఎక్స్‌కు మరలి, 2021లో తిరిగి వేలాండ్‌కు వచ్చెను. ఈ వెనుకముందాటయే మార్పు ఎంత కష్టమైనదో చెప్పుచున్నది.

నేడు చేయవలసినది

ఇంతవరకు చెప్పిన చరిత్రను వరుసగా తలచుకొన్నచో దోషమును వెదకు క్రమము తనంతట ఏర్పడును.

మొదట తీగను చూడవలెను. వేరుగా కార్డు గల యంత్రములో తీగను పలకకు గాక కార్డుకు తగిలించితిమా? వేరొక తీగతో చూచితిమా? ఇది 1994 నాటి ప్రశ్న.

రెండవది, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను నొక్కవలెను. అక్షరముల తెర వచ్చినచో కెర్నెలు క్షేమము. దోషము ఎక్స్‌లోనో వేలాండ్‌లోనో కలదు. ప్రవేశపు తెర వరకు వచ్చి ఆగిపోయినచో, అచ్చటి చిన్న చక్రపు గుర్తును నొక్కి రెండవ పద్ధతి ఉన్నచో ఎన్నుకొని చూడవచ్చును. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటులో ఈ ఎంపిక తీసివేయబడినది.

మూడవది, అక్షరముల తెరయు రానిచో, యంత్రమును తిరిగి నడిపి, గ్రబ్ అను ఆరంభపు పట్టికలో ఇంగ్లీషు ‘ఇ’ కీ నొక్కి, ‘లినక్స్’ అను మాటతో మొదలగు పంక్తి చివర ఖాళీ విడిచి నోమోడ్‌సెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరములలో ఒకే మాటగా వ్రాసి, ఎఫ్10 నొక్కవలెను. ఇది ఆ ఒక్కసారికి మాత్రమే చెల్లును. ఏ హానియు లేదు. బొమ్మ వచ్చినచో దోషము కార్డు డ్రైవరులో నున్నదని తేలును. ఇది 2009 నాటి ప్రశ్న.

నాల్గవది, ఎల్‌ఎస్‌పిసిఐ అను ఆజ్ఞచే కార్డు పేరును, జర్నల్‌సిటిఎల్ అను ఆజ్ఞచే యంత్రపు దినచర్యను చదువవలెను. ఎక్స్ చిట్టాలో తప్పులు గల పంక్తులకు ముందు రెండు ‘ఇ’ అక్షరములు కుండలీకరణములలో ఉండును. ఈ ఆచారము ఎక్స్‌ఫ్రీ86 కాలమునుండి వచ్చుచున్నది. ఫర్మువేరు దొరకలేదనియో, డ్రైవరునకు ముద్ర లేదనియో అచ్చట స్పష్టముగా వ్రాసియుండుట తరచుగా చూడవచ్చును.

చివరిది చికిత్స. కావలసిన ఫర్మువేరును, డ్రైవరును ఆ పంపిణీవారి భాండారమునుండియే తెచ్చుకొనవలెను. కెర్నెలు మారినప్పుడు దానితోపాటు డ్రైవరును సరిచూచు బాధ్యత వారు వహింతురు. సంస్థవారి వద్దనుండి విడిగా తెచ్చినచో ఆ బాధ్యత మన మీద పడును. పిమ్మట నోమోడ్‌సెట్ లేకుండ నడిపి చూడవలెను.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసిన విషయమొకటి కలదు. ప్రతి ఘట్టములోను చీకటికి మూలకారణము అజ్ఞానమే. అది యజమాని అజ్ఞానము కాదు, అతనికి చెప్పకుండ దాచిన జ్ఞానము. మానిటరు తన కొలతలను చెప్పినప్పుడు లెక్కల బాధ తీరినది. కార్డు స్థితి కెర్నెలుకు తెలిసినప్పుడు సగములో చిక్కుకొను బాధ తగ్గినది. రిజిస్టర్ల వివరములు అచ్చైనచోట డ్రైవర్లు నిలకడగా నడిచినవి. దాచినచోట ఏండ్ల తరబడి ఊహలతో గడచినది. డబ్బు పెట్టి కొన్న యంత్రము ఎట్లు నడుచునో తెలిసికొను హక్కు కొన్నవానికి ఉండవలెనా అను ప్రశ్న ఇచ్చట ఊరక వాదమునకై వచ్చినది కాదు. తెర మీద కనబడునదే.

కావున విద్యార్థులు నల్లని తెరను చూచి యంత్రమును మూసివేయరాదు. ఆ చిట్టాను ఒక్కమారు ఓపికతో చదివినచో, దోషము తీరుటయేగాక, యంత్రములో ఎవరు ఎవరితో ఏమి మాటలాడుచున్నారో తెలియును. కంప్యూటరు శాస్త్రమునకు ఇంతకంటె మంచి మొదటి పాఠము తరగతి గదిలోను సులభముగా దొరకదు.